హంపి, వెంకట సింధు

అమెరికాలో ఉన్న మా అమ్మాయికి ఎనిమిదో నెల. ఆడపిల్లని అక్కడి డాక్టర్లు ముందే చెప్పారు. మన దగ్గరైతే పేరుకు బారసాల దాకా గడువుంటుంది. ఇరవై ఒకటో రోజున పళ్లెంలో బియ్యం పోస్తారు. తండ్రి బంగారు ఉంగరంతో ఆ బియ్యంలో పేరు రాసి, పాప చెవిలో చెబుతాడు. అక్కడ మాత్రం ఆస్పత్రిలో ఉండగానే కాగితం నింపమంటారు. అందులో మొదటి పేరుకు ఒక గడి, మధ్య పేరుకు ఒకటి, ఇంటిపేరుకు ఒకటి. "మధ్య గడిలో ఏం రాయమంటావు నాన్నా?" అని అమ్మాయి అడిగింది. జవాబు కోసం మనందరికీ తెలిసిన రెండు పేర్లను పక్కపక్కన పెట్టి చూశాను.

కోనేరు హంపి 1987లో గుడివాడలో పుట్టారు. పూసర్ల వెంకట సింధు 1995లో హైదరాబాద్‌లో పుట్టారు. ఇద్దరి తండ్రులూ ఆటగాళ్లే. కోనేరు అశోక్‌ది చదరంగం, పి.వి. రమణది వాలీబాల్. 2019లో ఇద్దరు కూతుళ్లూ ప్రపంచ విజేతలయ్యారు. ఆగస్టులో సింధు బ్యాడ్మింటన్‌లో గెలిస్తే, డిసెంబరులో హంపి ర్యాపిడ్ చదరంగంలో గెలిచారు. ఇన్ని పోలికలున్నా, పేర్లు మాత్రం చెరో దారిన వచ్చాయి.

హంపి ఒంటి పేరు. ఆ మాట వినగానే మనకు తుంగభద్ర ఒడ్డున విజయనగర రాజధాని కళ్ల ముందు మెదులుతుంది. కానీ తల్లిదండ్రులు దాన్ని తీసుకున్నది ఛాంపియన్ అనే మాటలోంచి. రష్యన్ పేరులా ఉండాలని తర్వాత తండ్రి ఇంగ్లిష్ స్పెల్లింగ్ కూడా మార్చారు. తెలుగులో మాత్రం ఒక్క అక్షరమూ కదల్లేదు. ఆ పేరులో ఉన్నదంతా రేపటి మీద ఆశ. 2002లో, 15 ఏళ్లకే ఆమె గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. కన్నవాళ్ల కోరికకు అంత నిండైన రూపం మరో పేరులో నాకు కనబడలేదు.

వెంకట సింధు జంట పేరు. తండ్రి పూర్తి పేరు పూసర్ల వెంకట రమణ. అంటే ఇంటిపేరుతో పాటు 'వెంకట' కూడా తండ్రి పేరులోనూ కూతురి పేరులోనూ ఉంది. సింధు అన్నదొక్కటే ఆ పిల్ల సొంతం. పిలవడానికి అదే చాలు. చివరి అచ్చు సాగదీసి "సింధూ" అంటే వీధి చివరికి వినబడుతుంది. ఈ పరీక్షలో హంపీ కూడా నెగ్గుతుంది. తేడా అంతా పిలుపు వెనక ఉన్న మాటలోనే.

ఆ వెనక మాటే మన పేర్లలో ఊళ్లనీ మొక్కుల్నీ దాచింది. వెంకట అంటే తిరుమల కొండ, నాగ అంటే సుబ్రహ్మణ్యుడికి మొక్కిన మొక్కు. కనకదుర్గ బెజవాడను, యాదమ్మ యాదగిరిగుట్టను, సమ్మక్క మేడారాన్ని, పెంచలమ్మ పెంచలకోనను తలపిస్తాయి. పెద్దల పేర్లూ అలాగే నిలిచాయి. మా అక్కకు మా నాయనమ్మ పేరు పెట్టారు. అత్తగారి పేరు నోట పలకకూడదని మా అమ్మ బతికున్నన్నాళ్లూ అక్కను "అమ్మాజీ" అనే పిలిచింది. పిలవకపోయినా పేరు ఇంట్లోనే ఉంది, బడి రిజిస్టరులో ఉంది, పెళ్లి శుభలేఖలో ఉంది.

జంట పేరుకు ఒక చిక్కుంది. మనం మొక్కు పేరును ముందు పెడతాం, అమెరికా వాళ్లు ముందున్న మాటనే పిలుస్తారు. మా అల్లుణ్ణి ఆఫీసులో అందరూ "వెంకట" అంటారు. కన్నతల్లి కూడా అతన్ని ఏనాడూ అలా పిలవలేదు. అయితే ఆ చిక్కు విప్పిన తెలుగువాళ్లున్నారు. 1986లో కాలిఫోర్నియాలో పుట్టిన ఉషా వాన్స్ పుట్టింటి పేరు చిలుకూరి ఉషాబాల. అక్కడి వరసలో ఉష మొదటి పేరైంది, బాల మధ్యలో కుదిరింది. పిలుపూ పోలేదు, జంటా చెడలేదు.

ఒంటి పేరులో సౌలభ్యముంది, ధైర్యముంది. అయినా నేను జంట పేరు వైపే ఉంటాను. ఒంటి పేరు పిల్లకు రేపటిని ఇస్తుంది. జంట పేరు రేపటితో పాటు నిన్నటినీ ఇస్తుంది. సముద్రం అవతల పుట్టే పిల్లకు ఆ నిన్నటి అవసరం ఇంకా ఎక్కువ. వరస మార్చి పిలుపు పేరును ముందుకు తెస్తే చాలు, అక్కడి కాగితమూ మనకు అడ్డు రాదు.

అమ్మాయికి అదే చెప్పాను. మొదటి గడి మీ ఇద్దరిది. నచ్చిన చిన్న పేరు పెట్టుకోండి, చివరి అచ్చు సాగేలా మాత్రం చూసుకోండి. మధ్య గడి ఖాళీగా వదలొద్దు తల్లీ, అక్కడ మీ నాయనమ్మ పేరు రాయండి.