నింద మోటారుది, తప్పు చక్రానిది

సంక్రాంతి దగ్గరపడేకొద్దీ గేటు మెకానిక్ ఫోను ఆగదు. ఆంధ్రప్రదేశ్‌లోని ముండ్లమూరు, తాళ్లూరు, దర్శి వైపు ఊళ్లలో ఇప్పుడు కొత్త డాబాలకు రిమోట్ గేట్లు మామూలైపోయాయి. ఇల్లు కట్టించిన పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు. ఇంట్లో పెద్దవాళ్లిద్దరు. వాళ్లకు చిన్న వాకిలి చాలు, పెద్ద గేటుతో పని పడదు. నెలల తరబడి కదలని ఆ గేటు పండక్కి కారు వచ్చి ముందు నిలబడగానే మొరాయిస్తుంది. ఫోనులో వినిపించే ఫిర్యాదు మాత్రం ఏ ఊరి నుంచి వచ్చినా ఒకటే: మోటారు పోయింది, కొత్తది తెచ్చి వేయండి.

పని తెలిసిన మెకానిక్ కొత్త మోటారు వెంట తీసుకురాడు. వచ్చీరాగానే మోటారును నడిపే బోర్డు మూత కూడా తీయడు. మోటారు పక్కనుండే చిన్న తాళంచెవి తిప్పి, గేటును మోటారు నుంచి విడదీసి, చేత్తో తోస్తాడు. అసలు పరీక్ష అదే. పట్టా మీద జరిగే పన్నెండడుగుల ఇనుప గేటు మూడు నాలుగు వందల కిలోలు ఉండొచ్చు. చక్రాలు, పట్టా సరిగా ఉంటే అంత బరువూ ఒక మనిషి ఒంటిచేత్తో నెడితే కదిలిపోతుంది. ఇద్దరు భుజం వేసి నెట్టాల్సి వస్తే చూడాల్సింది మోటారును కాదు. గేటు కదిలిన ప్రతిసారీ ఆ భారాన్ని మోటారే లాగిందన్నమాట.

జరిగే గేటు నిర్మాణం పెద్ద రహస్యమేమీ కాదు. కింద రెండు బేరింగు చక్రాలు, నేలలో పాతిన పట్టా, పైన గేటు వాలకుండా పట్టుకునే రోలర్లు, గేటు పొడవునా పళ్ల ర్యాకు, ఆ పళ్లలో తిరిగే మోటారు పినియను. ర్యాకుకూ పినియనుకూ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు వదలాలని తయారీదారులు చెబుతారు. గేటు బరువంతా చక్రాల మీదే ఉండాలి, పినియను మీద పడకూడదు. చక్రం అరిగితే గేటు కిందికి దిగుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగినా ఆ సందు పూడిపోతుంది. అక్కడి నుంచి పినియను గేటును తోయడమే కాక మోయడం కూడా మొదలుపెడుతుంది. లోపలి ప్లాస్టిక్ గేరు అరుగుతుంది, ఇరుసు వంగుతుంది. మోటారు పోయిన మాట నిజమే, కానీ దాన్ని పోగొట్టింది చక్రం. చక్రాలు మార్చకుండా కొత్త మోటారు బిగిస్తే అదీ అదే దారిన పోతుంది.

ఇంటివాళ్లు మంచి చేయబోయి చేసే చెడు ఒకటుంది. గేటు కీచుమంటోందని పట్టా నిండా, ర్యాకు నిండా గ్రీజు పూస్తారు. ట్రాక్టర్లు, గేదెలు తిరిగే వీధిలో ఆ గ్రీజు మీద మట్టి, ఇసుక వచ్చి అంటుకుంటాయి. మెత్తదనం కోసం పూసింది కాస్తా ఆకురాయిలా పళ్లను అరగదీస్తుంది. పట్టాను చీపురుతో ఊడ్చి ఉంచితే చాలు.

చక్రం తర్వాత అనుమానించాల్సింది నేలను. ఈ ప్రాంతంలో ఎర్ర నేలలూ ఉన్నాయి, నల్లరేగడీ ఉంది. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఏటా జరిగే ఈ ఉబ్బు, కుంగు ఇంటి గోడను అంతగా కదిలించకపోవచ్చు. ఇంటికి పునాది, బీములు ఉంటాయి. గేటు స్తంభానికి మూడడుగుల గొయ్యి తీసి కాంక్రీటు పోసి వదిలేస్తారు. అది ఏటా కాస్త వాలుతుంది. రేగడి నేలల కోసం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున గుండ్రంగా వెడల్పయ్యే పైల్ పునాదుల పద్ధతిని ఎప్పుడో రూపొందించింది. గేటు స్తంభం దగ్గర అంత శ్రమ పడేవాళ్లు అరుదు. రెండు స్తంభాలనూ పట్టా కిందుగా ఒక బీముతో కలిపి కట్టినా సగం బాధ తప్పుతుంది.

2024 డిసెంబరు 21 నుంచి వరసగా మూడు రోజులు ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో భూమి కొన్ని క్షణాల పాటు కంపించింది. జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. వాలిన గేటు స్తంభాన్ని ఆ భూకంపం ఖాతాలో వేయడం చాలా తేలిక. కానీ తీవ్రత మూడు దగ్గర ఉండే అలాంటి ప్రకంపనలు మామూలుగా స్తంభాలను వాల్చవు. తూకం గుండు వేలాడదీస్తే స్తంభం ఎంత వాలిందో తెలుస్తుంది. అది ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఒరిగిందని దాని పాదం దగ్గర పడ్డ పాత పగుళ్లే చెబుతాయి.

ఇక కరెంటు సంగతి. ఇళ్లలో ఎక్కువగా వాడే మోటార్లు 230 వోల్టుల సింగిల్ ఫేజు మోటార్లు. వోల్టేజీ తగ్గితే వాటి బలం అదే లెక్కన తగ్గదు, అంతకంటే వేగంగా, వర్గం లెక్కన పడిపోతుంది. 230 ఉండాల్సిన చోట 180 వోల్టులే వస్తే మోటారుకు మిగిలేది దాదాపు 61 శాతం బలం. ఊరి చివర, ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా ఉన్న ఇంట్లో, చుట్టూ బోరు మోటార్లు నడిచే వేళ గేటు మూలుగుతూ నిలబడిపోవడానికి ఇదొక కారణం. అదే గేటు తెల్లవారుజామున హాయిగా తెరుచుకుంటుంది. అందుకే మెకానిక్ గేటు ఏ వేళప్పుడు ఆగిపోతోందని అడుగుతాడు. వోల్టేజీ బాగానే ఉండి మోటారు మూలుగుతూ కదలకపోతే రెండో అనుమానం కెపాసిటరు మీద. అది ఉబ్బినా, శక్తి తగ్గినా మోటారుకు తిరగడానికి కావలసిన తొలి ఊపు అందదు. మార్చడానికి పది నిమిషాలు పట్టదు.

బోర్డు మూత తీస్తే లోపల ఇంకో లోకం. వెచ్చగా, చీకటిగా ఉండే ఆ పెట్టెలో బల్లులు కాపురం పెడతాయి, గుడ్లు పెడతాయి, ఒక్కోసారి రెండు తీగల మధ్య అడ్డంగా పడి చస్తాయి. రిలే స్విచ్చుల సందుల్లో చీమలు నలిగి కాంటాక్టు అంటకుండా చేస్తాయి. తీగలు లోపలికి వచ్చే రంధ్రాలను రబ్బరు బిరడాలతో మూయకపోవడం వల్ల వచ్చే అవస్థ ఇది.

పిడుగులది వేరే కథ. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదైనట్టు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ లెక్కగట్టింది. పిడుగు నేరుగా ఇంటి మీద పడనక్కర్లేదు. దూరాన లైను మీద పడినా ఆ పోటు తీగల వెంట వచ్చి బోర్డును మాడ్చేయగలదు. ఇంటికీ గేటుకూ మధ్య నేలలో సాగే పొడవైన తీగే ఇక్కడ బలహీనత. సరైన ఎర్తు, సర్జి ప్రొటెక్టరు ఉన్నచోట ఆ పోటును ముందు అవే కాచుకుంటాయి. మంచి బోర్డుల మీదే ఆ పోటును మింగే చిన్న బిళ్లలాంటి వేరిస్టరు ఒకటి ఉంటుంది. అది పగిలి నల్లబడి, దాని ముందున్న ఫ్యూజు పోయి ఉంటే సంతోషించాలి. ఆ రెండూ మార్చుకుంటే బోర్డు బతికే అవకాశం ఉంది. ఎర్తు లేని గేటుకు మాత్రం ఏ వేసవి వానలోనైనా బోర్డు బలి కావచ్చు.

రిమోటు పనిచేయడం లేదనే ఫిర్యాదు చాలాసార్లు బ్యాటరీ దగ్గరే తేలిపోతుంది. గేటు దగ్గరికి వచ్చి నొక్కితేనే పలుకుతోందంటే యాంటెన్నా చూడాలి. ఈ రిమోట్లలో చాలావాటి తరంగం 433.92 మెగాహెర్ట్జ్‌ది. దానికి తగిన యాంటెన్నా తీగ దాదాపు 17 సెంటీమీటర్లు ఉండాలి. బోర్డు సర్దేటప్పుడు అడ్డంగా ఉందని దాన్ని కత్తిరించినవాళ్లు, ఇనుప పెట్టెలో ఉండచుట్టి మూత వేసినవాళ్లు ఉన్నారు. ఇక బజారులో చవగ్గా దొరికే నకలు రిమోటు సంగతి చెప్పాలి. నొక్కిన ప్రతిసారీ ఒకే కోడు పంపే రిమోటును ఎవరైనా నకలు తీయవచ్చు. ప్రతి నొక్కుకూ కోడు మారే రోలింగ్ కోడు రిమోటును అంత సులువుగా నకలు తీయలేరు. పనివాళ్లకు, బంధువులకు, డ్రైవర్లకు నకళ్లు పంచిన ఇంట్లో రిమోటు పోయిందంటే, కొత్తది కొనడం కన్నా ముందు బోర్డులోని పాత కోడులన్నీ చెరిపేయాలి.

ఇంతవరకూ చెప్పినవన్నీ గేటు కదలకపోతే వచ్చే చిక్కులు. ఆగకపోతే వచ్చే చిక్కు వీటన్నిటికంటే పెద్దది.

గేటుకు అటూ ఇటూ మోకాలి ఎత్తున రెండు చిన్న కళ్లు ఉంటాయి. వాటి మధ్య కంటికి కనబడని కిరణం తెగితే గేటు ఆగి వెనక్కి వెళ్లాలి. ఈ సెన్సరు మీద సాలెపురుగు గూడు అల్లుతుంది, కందిరీగ మట్టి పూస్తుంది, పడమటి ఎండ నేరుగా పడుతుంది. అప్పుడు గేటు మూసుకోనంటుంది. కళ్లు తుడిచి, ఎండ పడే వైపున్న కంటిని రెండో వైపుకు మారిస్తే చాలా వరకు సరిపోతుంది. చీమకుర్తి గ్రానైటు తాపడం చేసిన స్తంభాలైతే మళ్లీ బెజ్జం వేస్తే పలక పగులుతుందని ఇంటివాళ్లు ఒప్పుకోరు. తొందర మెకానిక్ ఏం చేస్తాడంటే, బోర్డు మీద సెన్సరు తీగలు బిగించే రెండు స్క్రూల మధ్య చిన్న తీగ ముక్క పెడతాడు. దారిలో ఎవరూ లేరని బోర్డు ఎప్పటికీ నమ్ముతూ ఉంటుంది. గేటు చక్కగా మూసుకుంటుంది. ఇంటివాళ్లకు సంతోషం, మెకానిక్‌కు కూలి.

అరిగిన చక్రం కథ వచ్చి కలిసేదీ ఇక్కడే. గేటు బిగుసుకుపోతే బోర్డు మీద ఫోర్సు అని రాసి ఉన్న చిన్న మరను తిప్పి బలం పెంచడం ఇంకో అడ్డదారి. అడ్డు తగిలితే గుర్తించి ఆగే బోర్డులు ఆ అడ్డును గుర్తించేది మోటారు మీద పడే భారాన్ని బట్టే. బలం పెంచేస్తే బరువెక్కిన చక్రానికీ, మధ్యలో ఇరుక్కున్న మనిషికీ బోర్డుకు తేడా తెలియదు. చవక బోర్డులు కొన్నిటికి ఆ గుర్తింపు మొదటి నుంచే లేదు. చక్రాలు మార్చాల్సిన చోట మర తిప్పితే, ఆ ఇంటి పిల్లలకున్న రక్షణ ఒకటి తీసేసినట్టే.

ఇదేదో ఊహించి భయపెట్టే మాట కాదు. 2024 జూన్‌లో కేరళలోని మలప్పురం జిల్లా తిరూర్ దగ్గర వైలత్తూరులో తొమ్మిదేళ్ల బాలుడు పక్కింటి ఆటోమేటిక్ గేటులో ఇరుక్కుని చనిపోయాడు. 2010లో బ్రిటన్‌లో, మాంచెస్టర్‌లోనూ వేల్స్‌లోని బ్రిడ్జెండ్‌లోనూ, వారం తిరక్కముందే ఇద్దరు ఆడపిల్లలు ఇలాంటి గేట్లలో నలిగి ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత అక్కడ గేట్ల భద్రత మీద హెచ్చరికలు జోరందుకున్నాయి. మూసుకునే గేటు అంచు సందులో మనిషిని తాకేటప్పుడు దాని ఒత్తిడి 400 న్యూటన్లు, అంటే సుమారు 40 కిలోల బరువు మోపినంత, దాటకూడదని, అదీ ముప్పావు సెకను లోపే తగ్గిపోవాలని యూరప్ ప్రమాణం. అమెరికాలో గ్యారేజీ తలుపుల మోటార్లకు 1993 జనవరి 1 నుంచే మనిషి చిక్కుకోకుండా కాపాడే రక్షణ తప్పనిసరి. గేట్ల విషయంలో 2016 నుంచి మనిషి చిక్కుకునే అవకాశమున్న ప్రతిచోటా రెండు వేర్వేరు రక్షణలు ఉండాలని అక్కడి ప్రమాణం అడుగుతోంది. ఒకటి విఫలమైనా రెండోది ఆపాలి.

మన ఊళ్లలో గేటు చేసేది వెల్డింగు షాపు, మోటారు అమ్మేది వేరొకరు, బిగించేది ఇంకొకరు. పట్టా చివర గేటు దాటిపోకుండా ఆపే ఇనుప దిమ్మె ఎవరు వెల్డింగు చేయాలో ముగ్గురిలో ఎవరూ మాట్లాడుకోరు. ఆ దిమ్మె లేని గేటు, చివరన మోటారును ఆపే లిమిట్ స్విచ్ చెడిన రోజున పట్టా చివరిదాకా పోయి, పై రోలర్లలోంచి జారి కింద పడుతుంది. మంచి మెకానిక్ మోటారు కోసం పిలిచినా ముందు ఈ దిమ్మెలను వెతుకుతాడు. లేకపోతే అద్దంకి నుంచో దర్శి నుంచో వెల్డర్‌ను పిలిపించి, వేయించాకే రిమోటు చేతికిస్తాడు. వెళ్లేముందు సెన్సరు ముందు కాలు పెట్టి గేటు ఆగుతుందో లేదో చూస్తాడు. అట్టపెట్టెను దారికి అడ్డంగా పెట్టి, నలిగిపోయేలోపు గేటు వెనక్కి వెళ్తుందో లేదో చూస్తాడు. ఇంట్లో ఉండే పెద్దాయనతోనో పెద్దమ్మతోనో ఆ చిన్న తాళంచెవి తిప్పించి, గేటును చేత్తో తోయిస్తాడు. కరెంటు పోయిన రాత్రి 108 వాహనం వస్తే ఆ గేటు తెరవాల్సింది వాళ్లే.

చివరికి డబ్బుల దగ్గరికి వస్తే పేచీ మొదలవుతుంది. వేలకు వేలు పోసి కొత్త మోటారు కొనడానికి సిద్ధపడ్డ ఇంటాయనే, మోటారు బాగుంది, చక్రాలూ బేరింగులూ మార్చాను అంటే చక్రాలకింత కూలా అని నిలదీస్తాడు. వస్తువు మారితే డబ్బు ఇవ్వడానికి మనకు చేయి వస్తుంది, జబ్బు కనిపెట్టినందుకు ఇవ్వడానికి రాదు. అందుకే అనుభవం ఉన్న మెకానిక్‌లు పాత చక్రాలను సంచిలో వేసుకుని వెళ్లిపోరు. ఇంటివాళ్ల కళ్లముందే వాటిని అరుగు మీద దొర్లిస్తారు. అరిగిన వైపు వచ్చేసరికి అవి కుంటుకుంటూ ఆగిపోతాయి. బేరం అక్కడికి సగం తెగుతుంది. మిగతా సగం, వచ్చే ఏడాది సర్వీసు ఉచితమా కాదా అన్నదాని మీద సాగుతుంది.