మళ్లీ పైకి లేవడమూ విద్యే

ఢిల్లీ కటవారియా సరాయ్‌లో మా వీధంతా గేట్, నెట్ పరీక్షలకు చదివే పిల్లలే. వాళ్లు పాత ప్రశ్నపత్రాలు తిరగేసినట్టు నేను విమాన ప్రమాద నివేదికలు తిరగేస్తుంటాను. అవి తయారుచేసే విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ ఆఫీసు ఇక్కడికి దగ్గరే, సఫ్దర్‌జంగ్ విమానాశ్రయంలో. మళ్లీ ఇలాంటిది జరక్కుండా చూడటానికే దర్యాప్తు, ఎవరినీ నిందించడానికి కాదని నివేదిక మొదట్లోనే రాసి ఉంటుంది. ఆ మాటంటే నాకు గౌరవం.

ల్యాండింగ్‌లో దెబ్బతిన్న శిక్షణ విమానాల కథ తరచూ ఒకేలా నడుస్తుంది. ట్రైనీ వేగం కాస్త ఎక్కువగా రన్‌వే మీదికొస్తారు. చక్రాలు తగలగానే విమానం బంతిలా ఎగురుతుంది. కంగారులో చెయ్యి ముక్కును కిందికి నెడుతుంది. ఈసారి ముందు చక్రమే నేలను గుద్దుకుంటుంది. అంత దెబ్బను తట్టుకునేలా దాన్ని చెయ్యరు. విమానం ఇంకా ఎత్తుకు లేస్తుంది. చివరికి చక్రం విరిగి, ప్రొపెల్లర్ రెక్కలు రన్‌వేకి కొట్టుకుని వంగిపోతాయి. అంతా కొన్ని సెకన్లలోనే.

ఒద్దికగా దిగాలంటే థ్రాటిల్ తగ్గించి, చూపు రన్‌వే చివర నిలిపి, ముక్కును మెల్లగా ఎత్తుతూ ఓపిక పట్టాలి. వేగం బాగా తగ్గిందని హెచ్చరించే స్టాల్ హారన్ సన్నగా కూసే వేళకు ప్రధాన చక్రాలు వాటంతటవే ఆనుతాయి. అలా కుదరక విమానం ఎగిరిందా, వెంటనే ఫుల్ థ్రాటిల్ ఇచ్చి గో-అరౌండ్ చెయ్యాలి, అంటే దిగడం మానుకుని మళ్లీ పైకి లేవాలి.

ఆ నిర్ణయం ఒక్కోసారి ట్రైనీ ఒంటరిగానే తీసుకోవాలి. 2022 ఫిబ్రవరి 26న నల్గొండ జిల్లా తుంగతుర్తి దగ్గర సెస్నా 152 కూలి, ఒంటరిగా నడుపుతున్న ట్రైనీ చనిపోయింది. అది ల్యాండింగ్ ప్రమాదం కాదు. అయినా సోలో అంటే ఏమిటో ఆ వార్తతోనే నాకు తెలిసొచ్చింది. పక్క సీట్లో అడగడానికి ఎవరూ ఉండరు. నేర్చుకున్నదే దిక్కు.

కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటలు ఎగరాలి. చాలా ఇళ్లలో ఆ గంటల వెనక అప్పుంటుంది, కింద నిలబడి చూసే తోటివాళ్లుంటారు. ఎలాగైనా దిగేయాలన్న తొందర అక్కడే పుడుతుంది. నిజానికి గో-అరౌండ్ చేసిన చుట్టు కూడా లాగ్‌బుక్‌లో గంటల కిందే జమ అవుతుంది. అందుకే ఇన్‌స్ట్రక్టర్లను ఒకటే కోరుతున్నాను: మళ్లీ పైకి లేచిన పిల్లను ఎందుకు దిగలేదని నిలదీయకండి. సరైన పని చేశావని అందరి ముందూ మెచ్చుకోండి. పక్కన చూసే ట్రైనీలకూ అదే పాఠం.