బరువు తగ్గే చెయ్యి

పసిబిడ్డను నిద్రపుచ్చాలంటే ఓపిక కావాలని అందరూ అంటారు. ఓపిక కావలసిందే, కానీ అదొక్కటే చాలదు. గంటసేపు భుజాన వేసుకుని ఇల్లంతా తిప్పినా కళ్లు మూయని బిడ్డ, ఇంకొకరి చేతిలోకి వెళ్లిన పావుగంటకే మెడ వాల్చేస్తాడు. "వాడికి అమ్మమ్మ చెయ్యి అలవాటు" అని సరిపెట్టుకుంటాం గానీ, ఆ చెయ్యి ఏం చేస్తోందో ఎవరూ చూడరు. చూడటానికి వీలూ తక్కువే. గదిలో దీపం ఉండదు, మాట ఉండదు, మిగతా ఇంటివాళ్లంతా ఎప్పుడు నిద్రపోదామా అని ఉంటారు.

మా చెల్లెలు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బాబుకి రెండో నెల నడుస్తుండగా నేను ఇంటికి వెళ్లాను. రాత్రిళ్లు వాణ్ణి పడుకోబెట్టే పని మా అమ్మది. నలుగురు పిల్లల్ని పెంచి, అక్కచెల్లెళ్ల పిల్లల్నీ ఇరుగుపొరుగు పిల్లల్నీ ఎత్తుకున్న చెయ్యి అది. నేను చూసినంతలో ఇంత శుద్ధమైన పనితనం నాకు చాలా తక్కువచోట్ల కనిపించింది.

ఆ వయసు బిడ్డ రోజు మొత్తం మీద 14 నుంచి 17 గంటలు నిద్రపోతాడు, కానీ ముక్కలు ముక్కలుగా. రాత్రికీ పగటికీ తేడా చెప్పే ఒంటి గడియారం రెండు మూడు నెలలు దాటితే గానీ దారిలో పడదు. పెద్దవాళ్లకు కునుకు పట్టగానే నిద్ర మెల్లమెల్లగా చిక్కబడుతుంది. పసివాళ్లకు ముందు కలత నిద్ర వస్తుంది. రెప్పల కింద గుడ్లు కదులుతాయి, పెదాలు చప్పరిస్తారు, ఉన్నట్టుండి నవ్వుతారు, ఊపిరి ఒకసారి వేగంగానూ ఒకసారి నింపాదిగానూ ఆడుతుంది. కొంతసేపు ఇలా గడిచాకే అసలు నిద్ర. కళ్లు మూశాడు కదా అని ఆ మొదటి దశలో పక్క మీద వేస్తే లేచి కూర్చున్నంత పని చేస్తాడు. కొత్త తల్లులు తొంభై పాళ్లు ఓడిపోయేది ఇక్కడే.

"అమ్మా, పడుకున్నాడు. ఇక వేసెయ్" అని చెల్లెలు అంటుంది.

"ఆగవే. ఇంకా నిద్ర అందలేదు."

అందిందో లేదో అమ్మ ఎలా చెప్పగలుగుతుంది? బాబు చేతిని రెండు వేళ్లతో కాస్త పైకెత్తి వదులుతుంది. అది మధ్యలో తడబడుతూ మెల్లగా దిగితే ఇంకా సమయం ఉన్నట్టు. బరువుగా, తనది కానట్టు పడిపోతే నిద్ర అందినట్టు. అంతకు ముందే పిడికిలి విడిపోయి ఉంటుంది. ఆ పిడికిలి వైపే చూస్తుంది అమ్మ, ముఖం వైపు చూడదు. ముఖం వైపు చూడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. రెండో నెల బిడ్డకు మనిషి కళ్లంత ఇష్టమైన వస్తువు లేదు. చూపు కలిస్తే ఆటకు పిలిచినట్టే అనుకుంటాడు. పగలంతా "ఊఁ... ఆఁ..." అంటూ వాడితో కబుర్లాడే మనిషి, రాత్రి తొమ్మిది దాటాక తల పక్కకి తిప్పుకుంటుంది. పగలు కిటికీలు తెరిచి, గిన్నెల చప్పుడు మధ్యనే పడుకోనిస్తుంది. రాత్రి పాలకు లేచినా దీపం వెయ్యనివ్వదు, గుడ్డ మార్చేటప్పుడు కూడా పలకరించనివ్వదు. రాత్రి అంటే ఏమిటో వాడికి ఆ విధంగా తెలియజేస్తోందన్నమాట.

పాలు తాగించడం, భుజాన వేసి తేన్పు వచ్చేదాకా వీపు నిమరడం, పొత్తిగుడ్డలో చుట్టడం అందరూ చేసేవే. చుట్టడంలో మాత్రం ఒక సంగతి చెప్పాలి. చేతులు బార్లా చాచలేనట్టు, పిడికిళ్లు మాత్రం బయట ఉండేట్టు చుడుతుంది గానీ తొడల దగ్గర గుడ్డ వదులుగా వదిలేస్తుంది, వాడి కాళ్లు వాటంతట అవి మడతపడి పక్కలకు తెరుచుకునేంత చోటు ఉంచుతుంది. బిగించి కాళ్లు చాపి కడితే తుంటి కీళ్లకు మంచిది కాదని పిల్లల డాక్టర్లు చెబుతారు. చేతులు చుట్టడం ఎందుకంటే, ఈ వయసులో ఉలికిపాటు ఎక్కువ. తల కాస్త జారినట్టు అనిపిస్తే చాలు, రెండు చేతులూ బార్లా చాచి గాలిని పట్టుకోబోతాడు. ఆ చేతులే వాణ్ణి లేపేస్తాయి. నాలుగైదు నెలలకు ఈ ఉలికిపాటు తగ్గిపోతుంది, ఈలోగా బోర్లాపడటం నేర్చుకుంటాడు. ఆ సూచన కనపడిన రోజునుంచి చుట్టడం మానెయ్యాలి.

ఇక జోకొట్టడం. ఇది దగ్గరగా చూడవలసిన పని.

అమ్మ గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంటుంది. బాబు ఆమె ఎడమ చేతి మీద, పొట్ట ఆమె పొట్టకు ఆనేట్టు పక్కకు తిరిగి ఉంటాడు. కుడి అరచెయ్యి కాస్త గుంటగా పెట్టి పిరుదుల మీద తడుతుంది. చప్పట్లో వచ్చే చురుకైన శబ్దం కాదు, లోపలికి దిగే మెత్తటి శబ్దం. సెకనుకు ఒకటి, అంతకు మించి వేగం ఉండదు. మొదట్లో వాడు ఏడుస్తుంటే ఆ దెబ్బలు నేను అనుకున్నదానికంటే గట్టిగానే పడ్డాయి. ఏడుపుకు వినపడాలి కదా. ఏడుపు తగ్గిన కొద్దీ చెయ్యి తేలికవుతుంది. ముందు అరచెయ్యి లేస్తుంది, నాలుగు వేళ్లు మిగులుతాయి. తర్వాత వేళ్ల చివర్లు. ఆ తర్వాత చెయ్యి గుడ్డ మీదే ఆని ఉంటుంది, లేవదు, మణికట్టు మాత్రం లోపల్లోపల ఆ తాళం వేస్తూనే ఉంటుంది.

ఈ మొత్తంలో వేగం ఎక్కడా మారదు. దీన్ని పట్టుకోవడానికి నాకు కొన్ని రాత్రులు పట్టింది. మనం జోకొడుతూ బిడ్డ మగతలో పడగానే తట్టడం నెమ్మదిస్తాం, ఒకటి వేసి రెండోది ఆలస్యం చేస్తాం. బిడ్డకు ఆ ఆలస్యం తెలిసిపోతుంది. రావలసినది రాలేదని కళ్లు తెరుస్తాడు. అమ్మ తాళాన్ని అలాగే ఉంచి బరువు ఒక్కటే తీసేస్తుంది. గుడి గంట మోగి ఆగినప్పుడు నాదం ఎప్పుడు అయిపోయిందో చెప్పలేం చూడండి, ఆమె చెయ్యి ఎప్పుడు ఆగిందో వాడికీ అలాగే తెలియదు. మధ్యలో కదిలాడనుకోండి, ఆమె మళ్లీ మొదటికి పోదు. ఒక్క మెట్టు వెనక్కి వెళుతుంది, అంతే. వేళ్ల చివర్ల నుంచి నాలుగు వేళ్లకు. అవసరానికి మించి ఒక్క దెబ్బ కూడా ఎక్కువ వెయ్యదు. చెప్పాలంటే, నిద్రపుచ్చడం అనే విద్యలో సగం ఎలా మొదలుపెట్టాలో కాదు, ఎలా తప్పుకోవాలో తెలిసి ఉండటమే.

చీర ఉయ్యాల ఇదే పనిని తనంతట తాను చేస్తుంది. మా ఇంట్లో పాత దూలానికి ఇనుప కొక్కెం ఇంకా ఉంది. అమ్మ దానికి తన పాత మంగళగిరి నూలు చీర కట్టింది. పట్టుచీరా, సింథటిక్ చీరా పనికిరావు, ముడి జారుతుంది. ఎన్నోసార్లు ఉతికిన నూలు మెత్తబడి ముడిని పట్టి ఉంచుతుంది, గాలినీ ఆడనిస్తుంది. చీరను నిలువునా మడిచి, కొక్కేనికి కట్టిన తాడులోంచి దూర్చి, కొసలు రెండూ పైనే ముడి వేసింది, బిడ్డ దగ్గర ముడి లేకుండా. పైన రెండు అంచులనూ ఎడం చేస్తూ అడ్డంగా ఒక కర్ర పెట్టింది, చీర వాడి ముఖం మీదికి ముడుచుకోకుండా. బాబును వెయ్యడానికి ముందు వాడి బరువుకు రెట్టింపు బియ్యం సంచి వేసి కాసేపు ఊపి చూసింది. నేలకు జానెడు ఎత్తు, కింద మడతపెట్టిన బొంత.

ఈ ఉయ్యాల గొప్పతనం లెక్కలో ఉంది. కొక్కెం నుంచి బిడ్డ పడుకున్న చోటికి రెండు మీటర్లు ఉంటే, అది ఒకసారి వెళ్లి రావడానికి దాదాపు 2.8 సెకన్లు పడుతుంది. మరీ ఎత్తుగా ఊపనంతవరకు, గట్టిగా తోసినా మెల్లగా తోసినా అంతే సమయం. లోలకం లక్షణం అది. పొడవే వేగాన్ని నిర్ణయిస్తుంది, తోపు కాదు. కాబట్టి ఒకసారి ఊపి వదిలేస్తే ఊపు చిన్నదవుతూ వస్తుంది, తాళం మాత్రం చివరిదాకా అదే. చెయ్యి ఏళ్ల తరబడి నేర్చుకున్నది దూలానికి వేలాడే చీరకు పుట్టుకతోనే ఉంది. స్విచ్ వేసినంతసేపూ ఒకే ఎత్తున ఊపి, ఆపగానే ఠక్కున నిలిచిపోయే యంత్రపు ఉయ్యాలలు నాకు అందుకే నచ్చవు. వాటికి ఊపడం వచ్చు, తగ్గడం రాదు.

అయినా రాత్రంతా ఉయ్యాలలో ఉంచదు అమ్మ. చీరలో ఒళ్లు వంగి గడ్డం గుండెకు ఆనితే పసివాళ్లకు ఊపిరి అందడం కష్టమవుతుంది. సాయంత్రం వాడు ఊరికే గుక్కపట్టి ఏడ్చే వేళ, ఒక మనిషి పక్కన కూర్చుని ఉన్నంతసేపే ఉయ్యాల. ఆరో వారం దగ్గర ఈ సాయంత్రపు ఏడుపు బాగా ఎక్కువగా ఉండి, మూడు నాలుగు నెలలకు సద్దుమణుగుతుంది. రాత్రి నిద్ర మాత్రం చదునైన గట్టి పరుపు మీద, వెల్లకిలా. తల గుండ్రంగా రావాలని మా అందరికీ పెట్టిన ఆవాల దిండు ఈసారి బయటికి తియ్యలేదు. పసిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టవద్దని అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం 1992లో చెప్పింది, 1994లో దాని మీద దేశమంతా ప్రచారం జరిగింది, తర్వాత పదేళ్లలో అక్కడ నిద్రలో జరిగే అకాల శిశుమరణాలు దాదాపు సగానికి తగ్గాయి. దిండూ, మెత్తటి దుప్పట్లూ, బొమ్మలూ పక్కలో వద్దన్న మాట కూడా ఆ దారిలోనే వచ్చింది. డాక్టరమ్మ చెప్పగానే అమ్మ ఆవాల దిండును అటక మీదే ఉంచేసింది. తనకు బాగా వచ్చిన పనిలో కూడా ఒకటి తీసెయ్యాల్సి వస్తే తీసెయ్యగలగడం పెద్ద నేర్పు, దాన్ని నేను ఆమె జోకొట్టడం కంటే తక్కువగా చూడను.

పాట గురించి రెండు మాటలు. మన జోలపాటలకు నవరోజు, కురంజి, నీలాంబరి లాంటి రాగాలు ఎక్కువగా వాడతారు. అన్నమయ్య దగ్గర్నుంచి మన వాగ్గేయకారులు దేవుడికి జోల పాడినవాళ్లే. త్యాగరాజు తన ఉయ్యాల కీర్తనను నీలాంబరిలో కట్టారు. నవరోజు పంచమం దాటి పైకి పోదు, కురంజి ధైవతం దగ్గర ఆగుతుంది. తారస్థాయి షడ్జం అసలు తాకవు. ఎక్కని గొంతు బిడ్డను లేపదు. అమ్మకు రాగం పేర్లు తెలియవు, ఆమె పాట మాత్రం నాలుగైదు స్వరాల మధ్యే తిరుగుతుంది. ముందు మాటలుంటాయి, కాసేపటికి మాటలు పోయి హల్లులు లేని కూనిరాగం మిగులుతుంది, తర్వాత ముక్కుతో వచ్చే ఊఁకారం. ఇక్కడా అదే పద్ధతి. లయ ఉంటుంది, మిగతాది ఒక్కొక్కటే వెళ్లిపోతుంది.

చివరిది, అన్నిటికంటే కష్టమైనది, ఒళ్లోంచి పక్క మీదికి దించడం. 2022లో జపాన్‌లోని రికెన్ పరిశోధన సంస్థలో కుమీ కురొదా బృందం 21 మంది పసిపిల్లల గుండె వేగాన్ని కొలుస్తూ ఇదే సంగతి చూసింది. ఏడ్చే బిడ్డను ఎత్తుకుని అయిదు నిమిషాలు ఆగకుండా నడిస్తే చాలామంది నెమ్మదించారు, కొందరు నిద్రపోయారు. నిద్రపోయాక వెంటనే దించకుండా ఇంకో అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు ఒళ్లోనే ఉంచుకుంటే లేచే అవకాశం తగ్గింది. ఇంకో విశేషం: వీపు పరుపుకు తగిలినప్పుడు కాదు, తల్లి ఒంటి నుంచి విడివడటం మొదలైనప్పుడే బిడ్డ గుండె వేగం పెరిగింది.

అమ్మ దించే తీరు ఇప్పుడు చూడండి. చెయ్యి ఎత్తి వదిలి చూసిన తర్వాత కూడా ఇంకాసేపు కూర్చునే ఉంటుంది. తర్వాత పరుపు మీదికి మోకాళ్ల మీద వంగుతుంది, బాబు పొట్ట ఆమె పొట్టను వదలకుండా. అంటే వాడితో పాటు తానూ దిగుతుంది. ముందు వాడి పిరుదులు ఆనుతాయి, తర్వాత నడుము, వీపు. తల అన్నిటికంటే చివర, అరచేతిలో, దిగుతున్నట్టే తెలియకుండా. అప్పుడు ఆమె ఛాతీ ఒక్క అంగుళం లేస్తుంది, ఆ ఖాళీలోకి వెంటనే కుడి చెయ్యి వచ్చి వాడి గుండె మీద ఆనుతుంది. ఎడమ చెయ్యి తల కిందనుంచి ఒక్కో వేలూ బయటికి తీసుకుంటుంది. గుండె మీద చెయ్యి కూడా బరువు తగ్గుతూ తగ్గుతూ, తగిలీ తగలనట్టు ఉండి, లేస్తుంది. ఇందులో తొందర ఒక్కచోట దొర్లినా మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. అరవై దాటిన మోకాళ్లతో ఆ భంగిమలో అంతసేపు ఉండటం ఎంత నొప్పో ఆమె ఎప్పుడూ అనలేదు.

నడిరాత్రి వాడు మూలిగితే చెల్లెలు గభాలున లేస్తుంది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపుతుంది. కలత నిద్రలో పసివాళ్లు మూలుగుతారు, ఒళ్లు విరుచుకుంటారు, ఒక్కోసారి ఏడుపు స్వరం కూడా తీస్తారు. గంటకోసారి నిద్ర ఒక విడత పూర్తయి ఇంకో విడత మొదలయ్యే చోట అది మామూలే. ఎత్తుకున్నామా, నిద్రలో ఉన్నవాణ్ణి మనమే లేపినట్టు. నిజంగా ఆకలైతే తల అటూ ఇటూ తిప్పుతూ వెతుకుతాడు, పిడికిలి నోట్లోకి పోతుంది. అది కనపడేదాకా అమ్మ చెల్లెలి చెయ్యి వదలదు.

వారాంతంలో హైదరాబాదు నుంచి వచ్చిన మా చెల్లెలి భర్త కూడా ఈ పని నేర్చుకుంటానన్నాడు. "నాకు పాటలు రావత్తయ్యా" అన్నాడు. "పాటే కావాలని లేదు బాబూ, మీకు కంఠతా వచ్చింది ఏదైనా సరే" అంది అమ్మ. అతనికి కంఠతా వచ్చినవి ఎక్కాలు. బాబు చెవి తన ఛాతీకి ఆనేట్టు పట్టుకుని, గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు నడుస్తూ ఏడో ఎక్కం మొదలుపెట్టాడు. మగ గొంతులోని మంద్రం ఛాతీలోంచి నేరుగా వాడికి అందుతున్నట్టుంది, ఎనిమిదో ఎక్కం సగంలో పిడికిలి విడింది. అమ్మ తలుపు దగ్గర నిలబడి మొత్తం విని, ఒకే ఒక్క మాట చెప్పింది.

"తాళం బాగుంది బాబూ. గొంతు ఇంకాస్త దించండి."