చేర్యాల పటములు : జీవికార్థవిచారము

ప్రాచీనవస్తుప్రదర్శనశాలలును, పరంపరాగతశిల్పములు సాగు గ్రామములును తెనుఁగుదేశమునఁ బలుచోట్ల ఇరుగుపొరుగున నున్నవి. ఆలేరు, జనగామ, చేర్యాల ప్రాంతము దీనికిఁ జక్కని యుదాహరణము. కొలనుపాకలో సోమేశ్వరాలయపు టావరణమున ఱాతివిగ్రహములును శాసనములును గల ప్రదర్శనశాల యున్నది. జనగామకుఁ జేరువనున్న పెంబర్తిలో నిత్తడిరేకుపని యున్నది. చేర్యాలలోఁ బటములు వ్రాయు నకాశీవారు కలరు. పాల్కురికి సోమనాథుని పేరితో విలసిల్లు పాలకుర్తియు నీ సీమలోనిదే. పాఠశాలలవారు విద్యార్థులను వెంటఁ గొని పోవుటకు నింతకంటెఁ దగిన తావు అరుదు. అయిన నిట్టి యాత్రలఁ గూర్చిన వ్రాఁతలయందుఁ దఱచుగ నొక లోపము కానవచ్చును. ప్రదర్శనశాలలోఁ జూచినది చరిత్ర మనియు, శిల్పి యింటఁ జూచినది చేతిపని యనియు విభజించి, రెండును సాహిత్యము గావని విడిచిపుచ్చుదురు. చేర్యాల పటము విషయమున నీ విభాగము నిలువదు.

కొలనుపాక శాసనములందలి కొల్లిపాక. జైనులకును శైవులకును బ్రసిద్ధస్థానము. ఇట్టి శాలలోని విగ్రహము తన గుడిని బాసి వచ్చినదైనను, దేవత పేరును, ఱాతిజాతియు, శతాబ్దమును ఫలకముపై వ్రాసిన యెడల చూచువానికిఁ గొంత తెలియును. శాసనమన్ననో, చదువ నేర్చినవానితోఁ దానే మాటాడును. పెంబర్తిలో రేకును లక్కమీఁద నంటించి, ఉలితోఁ దట్టి, రూపము పైకి లేపుదురు. దేవాలయవాహనములకుఁ దొడుగులు చేసిన చేతులే నేఁడు సన్మానసభలకు జ్ఞాపికలు చేయుచున్నవి. అదియు జీవనమే. ఈ రెంటి విషయమునను వస్తువును జూచినచో వస్తువు తెలిసెననుట కొంతవఱకుఁ జెల్లును. పటమున కది చెల్లదు.

చేర్యాల నేఁడు సిద్ధిపేట జిల్లాలోనిది; 2016కు ముందు వరంగల్లు జిల్లాలోనిది. నకాశీ యను పేరు అరబ్బీ నుండి పారసీక ముఖమున వచ్చినది. పేరు పరదేశమునుండి వచ్చినను, చిత్తరువుపని దేశమున నా పేరునకుఁ బూర్వమే యున్నది. ఓరుగంటి మాచల్దేవి చిత్రశాలను క్రీడాభిరామము చదివిన వారెల్ల నెఱుఁగుదురు. ఖద్దరుగుడ్డకు సుద్దయు, చింతగింజల యంబలియు, తుమ్మబంకయుఁ గలిపి పలుమాఱులు పూఁత వేయుదురు. అది యాఱిన పిమ్మట నుడుతవెండ్రుకల కుంచెతో రేఖలు దిద్దుదురు. నేల ఎఱుపు. హరిదళము పసుపునకు, ఇంగిలీకము ఎఱుపునకు, దీపపుమసి నలుపునకు, శంఖచూర్ణము తెలుపునకు. ఇప్పుడంగడి రంగులును వాడుచున్నారు. పటము వెడల్పు సుమారు 3 అడుగులు. నిడివి 30 మొదలు 60 అడుగులదాఁక, కొన్ని యంతకు మించియు నుండును. పూలతీఁగెల యంచులు కథను గళ్లు గళ్లుగా విభజించును.

ఇంతవఱకు నే దర్శకుఁడైనను వ్రాసికొని పోవును. వ్రాసికొనవలసినది తరువాతిది. ఈ నిలువుపటమును వ్రాయించువాఁడు గోడకు నలంకారము కోరువాఁడు గాఁడు, కథకుఁడు. పద్మశాలీలకు మార్కండేయపురాణము చెప్పు కూనపులివారు, ముదిరాజులకుఁ బాండవుల కథ చెప్పు కాకిపడగలవారు, గౌడులకు గౌడపురాణము చెప్పువారు, మాదిగలకు జాంబపురాణము చెప్పు డక్కలివారు, చాకలివారికి మడేలయ్య కథ చెప్పువారు, ఇట్లు తమతమ దాతృకులములను ఆశ్రయించి ఊరూరఁ దిరుగువారు పటమును వ్రాయించుకొని, దానిని వ్రేలఁగట్టి, గడి వెంట గడిని విప్పుచుఁ బాడుదురు. ఒక గడి కనఁబడునప్పటికి రాఁబోవు గడి చుట్టలోనే యుండును. పూర్వాపరీభూతమైన వ్యాపారము క్రియ యని యాస్కుఁడు చెప్పిన లక్షణము ఈ విప్పుటయందుఁ బ్రత్యక్షమగును. 60 అడుగుల పటము నొక్కమాఱుగాఁ బఱచి చూచినచో నా క్రమము చెడి, క్రియ నామమై కూర్చుండును.

పటము చూపి చెప్పుట సంస్కృతసాహిత్యమునకుఁ గ్రొత్త గాదు. ముద్రారాక్షసమున నిపుణకుఁడు యమపటము చేఁబూని యిల్లిల్లు దిరుగుటచేతనే రాక్షసుని ముద్రిక చాణక్యునకు దొరకెను. హర్షచరితమున బాణుఁడు అంగడివీథిలో బాలకులు చుట్టు మూఁగియుండఁగా యమపటమును ఱెల్లుపుల్లతోఁ జూపుచున్న వానిని వర్ణించెను. అయితే వీని కన్నఁ బ్రకృతమునకుఁ బ్రధానమైనది మహాభాష్యము. 3-1-26 సూత్రముపై భాష్యకారుఁడొక ప్రశ్న నెత్తెను. కంసుఁడెప్పుడో చచ్చినవాఁడు, వానిఁ జంపించుచున్నాఁడని వర్తమానముగాఁ జెప్పుట యెట్లు కుదురును? సమాధానము మూఁడు తెఱఁగులు. శోభనికులు కనులయెదుటఁ జంపించి చూపుదురు. చిత్రములందు నెత్తిన దెబ్బలును, పడిన దెబ్బలును గన్పట్టును. గ్రంథికులు మాటలచేతనే, పుట్టినది మొదలు గిట్టుదనుక నా చరిత్రమును జెప్పుచు, వారిని శ్రోతల బుద్ధియం దున్నవారినిగాఁ జేయుదురు. శ్రోతలలోఁ గొందఱు కంసుని పక్షమును, కొందఱు వాసుదేవుని పక్షమును వహింతురనియు, వారి మొగముల వన్నె మాఱుననియు భాష్యకారుఁడు గమనించెను. చేర్యాల పటకథ యీ మూఁటిలో రెండవదియు మూఁడవదియుఁ గలిసిన ప్రయోగము. బొమ్మ వర్తమానమును గంటికి నిచ్చును. కథకుఁడు బుద్ధికి నిచ్చును. ఒకదానిని దీసివేసిన రెండవది సగమే.

ఇఁక విక్రయము మాట. ఇప్పుడు పటము వ్రాయించు కథకులు బహుస్వల్పులు; వ్రాయు కుటుంబములును వ్రేళ్ల మీఁద లెక్కింపఁదగినవి. కావున నకాశీవారు ఒక్క గడిని, లేదా రెండు మూఁడింటిని, చట్టములలో నమర్చి పట్టణవాసుల కమ్ముచున్నారు. కొబ్బరిచిప్పల ముఖములును, ఱంపపుఁబొట్టును జింతగింజల ముద్దయుఁ గలిపిన బొమ్మలును జేయుచున్నారు. దీనిని బతన మని నిందించువారు కలరు. వారికి వ్యాకరణము తోడుపడునట్లు పైకిఁ దోఁచును. ప్రతికృత్యర్థమున కన్ ప్రత్యయము విధించిన (5-3-96) పాణినియే, జీవికార్థమై పణ్యము గాని ప్రతికృతియందు దానికి లోపము చెప్పెను (5-3-99). శివుని విగ్రహమును జూపి బ్రతుకువాని చేతిలోనిది శివుఁడు. అంగడిలో నమ్మఁజూపినది శివకము. మౌర్యులు హిరణ్యమును గోరి విగ్రహములు చేయించి రనియు, నవి యీ లోపమునకుఁ బాత్రములు గావనియు భాష్యకారుని విచారము. ఈ లెక్కను గథకుని పటము జీవికార్థము, అపణ్యము. చట్టములోని పటము పణ్యము. ఆ నిందకు సూత్రమే తీర్పు పలికిన ట్లున్నది.

కాని శాస్త్రమును సగము చదివి తీర్పు చెప్పరాదు. తరువాతి సూత్రముపైఁ గాశికావృత్తి దేవపథాదులఁ జెప్పుచు, పూజార్థములైన యర్చలయందును, చిత్రకర్మయందును, ధ్వజములయందును గన్ లోపించునని సంగ్రహించినది. ఇచటఁ జిత్రకర్మకుఁ బణ్యాపణ్యవిభాగము చెప్పఁబడలేదు. కావునఁ జిత్రమునందలి యర్జునుఁడు అమ్మఁబడినను అర్జునుఁడే. చేర్యాలవాఁడు చట్టములో బిగించి యమ్మిన మార్కండేయుఁడును మార్కండేయుఁడే. కప్రత్యయము ముఖములకును ముద్దబొమ్మలకును దక్కును గాని పటమునకు రాదు. అమ్ముట వలనఁ బటము పేరు చెడలేదు. చెడినది క్రమము. ఒక్క గడిని గొన్నవానికి ముందు గడియు లేదు, వెనుక గడియు లేదు, చెప్పువాఁడును లేఁడు. నిందింపవలసిన చోటు నకాశీవాని యంగడి గాదు. పటమును గథ నుండి విడఁదీసి చూచు మన యలవాటు.

ఆ యలవాటు పండితులకును గలదు. కొన్ని కులపురాణములు అచ్చుపడినవి. వచనమును గేయమును నిలిచినవి. ఏ వాక్యమునొద్దఁ గథకుని కఱ్ఱ యే బొమ్మను దాఁకునో యది తఱచు నిలువలేదు. ప్రదర్శనశాలలు పటములను సేకరించుచున్నవి. గాజు వెనుక నాలుగు గళ్లు విప్పి, తక్కినది చుట్టి యుంచుట సాధారణము. అద్దము పైని ఫలకమునఁ గులము పేరును, కాలమును, కొలతలును ఉండును, కథ యుండదు. వైయాకరణునకు దీనిని జూచినచో, ధాతుపాఠమును బోఁగొట్టుకొని కృదంతములను మాత్రము దాఁచికొన్న నిఘంటువు తలఁపునకు వచ్చును. వ్యవసాయపదములకు 1962లోను, చేనేతపదములకు 1971లోను మాండలికవృత్తిపదకోశములు వెలసినవి. ఆ మార్గముననే నకాశీవారి మాటలను, పటకథకుల మాటలను, వారి నోట విన్నవి విన్నట్లు గూర్చుట పాఠశాలాపండితులకుఁ దగిన పని. ఛాత్రులను చేర్యాలకుఁ గొనిపోవువారు బొమ్మలు కొనిపించి మరలించుటకంటె, దొరకిన యెడలఁ గథకు నొకని నచటికిఁ బిలిపించి, యొక్క యాశ్వాసమైనను పటము విప్పించి వినిపించుట మేలు. పండితారాధ్యచరిత్ర పర్వతప్రకరణమున శివరాత్రియాటలను జదివి యర్థము చెప్పు నుపాధ్యాయునకు, అట్టి యాటలలో నొకటి యిప్పటికిని బ్రతికియుండుట తెలియును.

ప్రాఁతపడి చినిఁగిన పటమును విధిపూర్వకముగా నీటఁ గలుపుట కథకుల యాచారము. ఇప్పు డట్టి పటములు కొన్ని నీటికిఁ బోక ప్రదర్శనశాలలకుఁ బోవుచున్నవి. దాని నాక్షేపింపఁ బనిలేదు. పటము కొనునాఁడే, యమ్మిన కథకుని గూర్చుండఁబెట్టి, గణపతిగడి మొదలు తుదిగడి దాఁకఁ గథ నాతని నోటఁ జెప్పించి, గడికి సంఖ్య వేసి, యా సంఖ్యవారిగాఁ బాఠమును వ్రాయించి పటముతోఁ జేర్చవలెను. కథ పలురాత్రులు సాగునది. వ్రాయసకాఁడు నన్ని రాత్రులు మేలుకొనవలసియుండును. అతని కూలియుఁ గథకుని కట్నమును గూడఁ బటము వెలలోనే చేర్చి లెక్కగట్టుట న్యాయము.