దూరపు కొండలూ, దగ్గరి కెమెరాలూ

దూరపు కొండలు నునుపన్నారు పెద్దలు. ఆ సామెత కట్టినాయన మా పడమటి కర్నూలు వైపు వచ్చి ఉండడని నా అనుమానం. మా కొండలు దూరం నుంచి చూసినా నునుపుగా ఉండవు. ఎవరో గంపలకొద్దీ గుండ్లు మోసుకొచ్చి కుప్ప పోసి, సర్దడానికి ఓపిక లేక వెళ్లిపోయినట్లుంటాయి. ఆదోని కోట కొండలు, గుత్తి కొండ, బళ్లారి కొండ, ఆపైన హంపి - అంతా ఒకే రాతి బంధువర్గం. ఇంచుమించు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. నేల లోపల ఉండగానే పగుళ్ల వెంట నీరు దిగి, మూలలన్నీ అరిగి, పైమట్టి కొట్టుకుపోయాక ఈ గుండ్లు బయటపడ్డాయి.

ఆ సామెతకు ఇప్పుడో కొత్త చిక్కు వచ్చింది. కొండకు అల్లంత దూరాన నిలబడ్డ మనిషి పొరపడితే అర్థముంది. గుండుకు ఆరడుగుల దూరంలో నిలబడ్డ కెమెరా కూడా మనల్ని మోసం చేస్తోంది! కొండలెక్కేవాళ్ల ఫోటోలు ఈమధ్య ఇంటింటి సెల్‌ఫోన్లోకీ వచ్చేస్తున్నాయి. చూసి "అబ్బ!" అనుకుని వేలితో పక్కకు తోసేస్తున్నాం. అసలు వాటిని ఎలా చూడాలి, ఏది మంచి బొమ్మ, ఏది కాదు అని ఎవరూ తగువు పడుతున్నట్లు లేదు. సినిమా పాటకున్నపాటి విమర్శ ఈ ఫోటోకూ ఉండొద్దూ?

కొలబద్ద కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, మద్దికెరలోనే ఉంది. విజయదశమి నాడు అక్కడ యాదవ రాజవంశీకులు తలపాగాలు చుట్టి గుర్రాల మీద పరుగు తీస్తారు. ఆ పందెం ఫోటోలు ఏటా పత్రికల్లో చూస్తూనే ఉంటాం. మంచి బొమ్మ ఏదో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు - గుర్రం కాళ్ల కింద దుమ్ము లేచిన బొమ్మ. ఆ దుమ్మును కత్తిరించేసి గుర్రాన్నీ, రౌతునీ మాత్రమే మిగిల్చారనుకోండి, గుర్రం గుడి ముందు కట్టేసి ఉన్నట్లుంటుంది. పరుగుకు దుమ్ము ఎలాంటిదో, ఎక్కడానికి నేల అలాంటిది. నేల కనబడని ఎక్కుడు బొమ్మను నేను నమ్మను. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నదల్లా ఇంతే. మిగతాదంతా దాని వివరం.

బౌల్డరింగ్ అంటే ఏమిటని అడిగేవారికి రెండు ముక్కలు. పెద్ద కొండ జోలికి పోకుండా పది పదిహేనడుగుల గుండును తాడు లేకుండా ఎక్కడం. కష్టమంతా ఎత్తులో కాదు, పట్టులో ఉంటుంది. వేలి కొస ఆనేంత అంచు, బొటనవేలు మోపేంత గుంట - అంతే ఆధారం. చేతికి చెమట పట్టకుండా తెల్లటి సుద్దపొడి. కింద మందపాటి పరుపు. పరుపు పక్కన చేతులు పైకి చాచి నిలబడే స్నేహితుడు. పడేవాణ్ణి ఆ స్నేహితుడు పట్టుకోలేడు; తలకు దెబ్బ తగలకుండా పరుపు మీదికి మళ్లిస్తాడు. ఆటలో సగం పరువు ఆయనది. ఫోటోలో మాత్రం ముందుగా కత్తెర పడేది ఆయనకే!

పరుపూ, స్నేహితుడూ, నేలా తీసేస్తే పన్నెండడుగుల గుండు మీది మనిషి ఆకాశానికి వేలాడుతుంటాడు. కెమెరాను గుండుకు ఆనించినట్లు పెట్టి వెడల్పు కటకంతో తీస్తే చెయ్యి చేటంత, కింది కాలు చీమంత అవుతుంది. ఎక్కినవాడి కష్టం అలాగే ఉంది, దానికి ఫోటోగ్రాఫరు లేని ఎత్తును కట్నంగా చదివించాడు. అయినా కట్నం పుచ్చుకున్న పెళ్లికొడుకు విలువ పెరిగిందంటే ఒప్పుకుంటామా?

ఇంకో విద్య, కెమెరాను పక్కకు వాల్చడం. ఏటవాలుగా ఉన్న బండ నిట్టనిలువు గోడైపోతుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. బొమ్మలో గాలిలో వేలాడే తాడు ఉందేమో చూడండి. తాడుకు అబద్ధమాడడం రాదు. మేస్త్రీ తూకపు దారంలా తిన్నగా నేలకే దిగుతుంది. తాడు ఒక పక్కకు వాలిందంటే వాలింది తాడు కాదు, కెమెరా. తాడు లేని చోట ఎక్కే అమ్మాయి జడ చూడండి. జడా లేకపోతే వెనకున్న ఈతచెట్లు చూడండి. చెట్లన్నీ ఒక్కవైపే ఒరిగి ఉంటే పెద్దగాలి కాబోలు అనుకోకండి.

మద్దికెర నుంచి గుంతకల్లు చేరి, బళ్లారి మీదుగా హోసపేట రైలెక్కితే హంపికి దారి. గుండ్లెక్కే ఆటకు మన దేశంలో పేరుపడ్డ చోటు అదే. ఆ పేరు విదేశాలకు మోసిన వాటిలో ఒకటి 2003లో వచ్చిన 'పిల్‌గ్రిమేజ్' అనే సినిమా. ఎక్కినవాడు క్రిస్ శర్మ. ఇంటిపేరు చూసి మన నంద్యాల శర్మగారి అబ్బాయి అనుకునేరు! కాలిఫోర్నియా వాడు. తల్లిదండ్రులు బాబా హరిదాస్ శిష్యులు కావడంతో వచ్చిన పేరది. సినిమాకు ఫోటో మీద ఒక పైచెయ్యి ఉంది. పడడం కూడా చూపించగలదు. ఈ ఆటలో పడడమే ఎక్కువ. గెలుపు ఎప్పుడో ఒకసారి. ఫోటో ఆ ఒక్కసారినే పట్టుకుంటుంది కాబట్టి, మిగతా పడడాలన్నిటికీ సాక్ష్యంగా కనీసం పరుపు అంచైనా బొమ్మలో ఉంచడం న్యాయం.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఈ ఫోటోగ్రాఫరు పని తేలిక కాదు. పెద్ద కొండ కింద నిలబడి పైకి తీస్తే ఎక్కేవాడి ముఖం కనబడదు, పంట్లాం వెనక అతుకు కనబడుతుంది. ఆ శాఖలో ఇది పాత హాస్యం. అందుకే గట్టివాళ్లు ముందుగా పైకి చేరి, తాడుకు వేలాడుతూ కిందికి తీస్తారు. అప్పుడు ముఖం, చేతివేళ్లు, వాటి కింద అడుగూబొడుగూ లేని లోతు, అన్నిటికంటే అడుగున నేల - ఒక్క చూపులో వస్తాయి. ఇక వెలుతురు. మిట్టమధ్యాహ్నం మన వైపు ఎండ ఎలాంటిదో చెప్పాలా? రాయి సున్నం కొట్టినట్లు తెల్లబోతుంది. పొద్దున, సాయంత్రం వెలుతురు ఏటవాలుగా పడితేనే రాతి మీది గరుకు, గుంట, అంచు బయటపడతాయి. ఎక్కేవాడికీ ఆ చల్లటి వేళలే కావాలి. రాయి కాలితే వేళ్లు జారతాయి. ఆటగాడికీ, ఫోటోగ్రాఫరుకూ ముహూర్తం కలిసిన అరుదైన ఆట ఇది.

ఈ విద్యలో పెద్దల పేర్లు చెప్పాలంటే అమెరికా వాడు గాలెన్ రోవెల్‌ను తలచుకోవాలి. కార్ల రిపేరు షెడ్డు నడుపుకుంటూ కొండలెక్కినవాడు. 1973లో ఇద్దరు మిత్రులతో హాఫ్‌డోమ్ అనే గోడను రాతిలో మేకులు కొట్టకుండా ఎక్కాడు. 1974 జూన్‌లో 'నేషనల్ జియోగ్రాఫిక్' పత్రిక ఆ కథను ముఖచిత్రంతో వేసింది. అతను చూడవచ్చినవాడు కాదు, అదే తాటికి కట్టుకున్నవాడు. పెళ్లి ఫోటో తీసేవాడికీ, పెళ్లికూతురి అన్నకూ ఉన్నంత తేడా అది.

రెండోది 'ఫ్రీ సోలో'. 2017 జూన్ 3న అలెక్స్ హొనాల్డ్ ఎల్ కాపిటాన్ అనే మూడువేల అడుగుల గోడను తాడు లేకుండా ఎక్కాడు. 2018లో సినిమా వచ్చింది, 2019లో ఆస్కార్ అందుకుంది. ఎక్కినవాడి ధైర్యం గురించి లోకమంతా మాట్లాడింది. నాకు గొప్పగా కనబడింది కెమెరావాళ్ల భయం. మన కెమెరా చప్పుడుకు అతని కాలు జారితే? మనం చూస్తున్నామని అతను తెగిస్తే? ఆ ప్రశ్నను వాళ్లు దాచుకోలేదు, సినిమాలోనే పెట్టారు. మరీ గండంగా ఉన్న చోట మనుషులు తప్పుకుని, దూరం నుంచి నడిచే కెమెరా పెట్టారు. ఒక కెమెరామన్ చూడలేక మొహం తిప్పేసుకుంటాడు. ఆ తిప్పుకున్న మొహంలో ఉన్నంత ఎత్తు ఏ వెడల్పు కటకమూ చూపించలేదు.

పోటీల సంగతికి వద్దాం. టోక్యో ఒలింపిక్స్‌లో (జరిగింది 2021లో) ఈ ఆటకు మొదటిసారి చోటిచ్చారు. 2024 పారిస్‌లో పరుగెక్కుడును విడదీశారు. 15 మీటర్ల గోడను మగవాళ్లు అయిదు సెకన్ల లోపు ఎక్కేస్తున్నారు. మనం చెప్పుల్లో కాళ్లు పెట్టేలోపే ఆట పూర్తి! పోటీ గోడ రంగురంగుల పట్లతో పిల్లల బొమ్మల కొట్టులా ఉంటుంది. ఎదురుగా కూర్చున్న ఫోటోగ్రాఫరుకు మళ్లీ వీపులే. ఆ వీపు చూపు ఒక్కోసారి హద్దు దాటింది. 2021లో ఇన్స్‌బ్రుక్‌లో, అదే ఏడు మాస్కో ప్రపంచ పోటీల్లో ఒక క్రీడాకారిణిని ఆట వదిలేసి శరీరాన్ని మాత్రమే దగ్గరగా చూపినందుకు అంతర్జాతీయ సమాఖ్య క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. నేలను కోసేసినవాడు మనిషినీ ముక్కలుగా కోయడానికి వెనకాడడు. రెండూ ఒకే కత్తెర పనులు.

పోటీలో మంచి బొమ్మ కావాలంటే ఎక్కడానికి ముందే వెతుక్కోవాలి. ఎక్కేవాళ్లందరినీ కాసేపు గోడ కిందికి వదులుతారు, చూసుకోమని. ప్రత్యర్థులంతా తలలెత్తి, గాలిలో చేతులు ఆడిస్తూ లేని పట్లు పట్టుకుంటూ, ఒకరినొకరు అడుగుతూ నిలబడతారు. తెలియనివాడు చూస్తే కీర్తన పాడబోతున్న భజన బృందమనుకుంటాడు. గెలిచినవాడి పిడికిలి ఏ ఆటలోనైనా దొరుకుతుంది, ఈ బొమ్మ ఈ ఆటలోనే దొరుకుతుంది.

మన తెరకు వస్తే, 2015లో 'బాహుబలి'లో శివుడు జలపాతం పక్క కొండ ఎక్కడం చూడనివాళ్లెవరు? అక్కడ నేల లేదని నేను తగువుకు పోను. అది జానపదం; నమ్మించనక్కర్లేదు, మురిపిస్తే చాలు. అబద్ధమని చెప్పి ఆడిన అబద్ధానికి దోషం లేదు. తెలంగాణ గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. ఆమెకప్పటికి పధ్నాలుగు నిండలేదు. ఆమె తొలిపాఠాలు నేర్చుకున్నది భువనగిరి ఏకశిల మీద. 2017లో రాహుల్ బోస్ తీసిన 'పూర్ణ' హిందీ సినిమాకు ఎవరెస్టు ఎంత ముఖ్యమో ఆ భువనగిరి బండా అంతే ముఖ్యం. నేర్పినవాళ్లు కథలో ఉన్నారు, నేర్చుకునే భయమూ ఉంది. ఎవరెస్టు మీది జెండా బొమ్మ ఒక్కటే చూసిన పిల్ల చప్పట్లు కొడుతుంది. భువనగిరి బండ మీద తాడు పట్టుకుని వణికే పిల్లను చూస్తేనే "నేనూ నేర్చుకోవచ్చా?" అని అడుగుతుంది.

"ఫోటో కళ కదండీ, దస్తావేజు కాదు కదా" అనేవాళ్లుంటారు. నిజమే. కానీ ఈ కళను చూసి అనుకరించేవాళ్లున్నారు. గాడిగ పాడినవాణ్ణి అనుకరిస్తే గొంతు బొంగురుపోతుంది, అంతే. పరుపు కత్తిరించిన బొమ్మను అనుకరిస్తే నడుము విరుగుతుంది. ఆదోని గుండ్ల మధ్య తిరిగే పదహారేళ్ల కుర్రాడి చేతిలో సెల్‌ఫోను ఉంది, పక్కన గుండు ఉంది. పరుపు, తాడు, నేర్పేవాడు లేరు. ఉండాలని ఆ బొమ్మ చెప్పలేదు. ఇక్కడే విమర్శకుడి పని మొదలవుతుంది.

మరో లెక్క కూడా ఉంది. గుండును ఎత్తుకు మెట్టుగా మాత్రమే చూపిన బొమ్మలో గుండు ఎవరిదో, ఎక్కడిదో తెలియదు. హైదరాబాదులో 1996లో ఏర్పడ్డ 'సొసైటీ టు సేవ్ రాక్స్' వాళ్లు రాళ్ల మధ్య జనాన్ని నడిపించి, రాళ్లను రాళ్లుగా చూడడం నేర్పారు. దాని పెద్దల్లో ఒకరైన నరేంద్ర లూథర్ రాళ్ల మీద సినిమా తీశారు. ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ జీవితమూ రాశారు. రాయి, కెమెరా రెండూ తెలిసినాయన. మన వైపు గుండుకు కంకర మిల్లు ఒక పక్క, పాలిష్ బండ ఒక పక్క కాచుకుని ఉన్నాయి. పత్తికొండ - గుత్తి దారిలో ఎర్రగుడి గుండ్ల మీద అశోకుడు ధర్మశాసనాలు చెక్కించాడు. ఒక శాసనంలో పంక్తులు ఎద్దులు దున్నినట్లు కుడికీ ఎడమకూ తిరుగుతాయి. అక్షరాలున్నాయి గనక ఆ గుండ్లు బతికాయి. అక్షరాలు లేని గుండ్లకు బొమ్మే అక్షరం. ఊరు పేరు, చెట్టూ చేమా, పక్క చేను కనబడేలా తీసిన బొమ్మ ఆ గుండు ఫలానా చోట ఉండేదనడానికి సాక్ష్యం చెబుతుంది. ఆకాశంలోకి కత్తిరించిన బొమ్మను ఏ కోర్టూ సాక్షిగా పిలవదు.

కాబట్టి అబ్బాయిలూ, అమ్మాయిలూ, మీ బొమ్మల్లో పరుపు ఉంచండి. చేతులు చాచిన స్నేహితుణ్ణి ఉంచండి. వెనకాల జొన్నచేను కనబడితే సిగ్గుపడకండి. ఎత్తు తగ్గిందని ఎవరైనా అంటే అననివ్వండి. ఎక్కినవాడు చివరకు దిగాల్సింది ఆ నేల మీదికే, దాన్ని మాత్రం కత్తిరించకండి.