ఓడిన్ దగ్గరికి తాతయ్యగుంట మీదుగా

డిగ్రీ చదివే పిల్లలు ఈమధ్య తరచూ అడుగుతున్నారు: "సార్, ఈ ఓడిన్, థోర్ వీళ్ళ మతం గురించి చదవాలంటే యాడ మొదలుపెట్టాల?" సినిమాలూ వీడియో గేములూ చేసిన పుణ్యం. సుత్తి తిప్పే ఆ వీరుడు నిజంగానే ఒకప్పుడు జనం మొక్కిన దేవుడని తెలిసేసరికి వాళ్ళకి ఎక్కడలేని ఆసక్తి పుడుతుంది. నేను చెప్పేది ఒకటే: తాతయ్యగుంట గంగమ్మకి జరిగే గంగజాతర వారమంతా తిరుపతిలోనే ఉండు, ఆ తర్వాత ఆ దేవుళ్ళ కథలున్న ఎడ్డా తెరువు. ఎగతాళి చేస్తున్నాననుకుని మొహం మాడ్చుకున్నవాళ్ళున్నారు. ఎగతాళి కాదు.

ఓడిన్, థోర్‌లని కొలిచిన ఉత్తర ఐరోపా పాత మతం మనదాకా వచ్చింది ఎక్కువగా కాగితం మీదే. ఐస్‌లాండ్ వాళ్ళు 1000 ప్రాంతంలో తమ ఆల్‌థింగ్ సభలో కూర్చుని, ఇక క్రైస్తవం తీసుకుందామని తీర్మానం చేసుకున్నారు. అక్కడి స్నోరి స్టుర్లుసన్ తన ఎడ్డా రాసింది 1220 ప్రాంతంలో. అంటే మతం పోయిన రెండొందల ఏళ్ళకి. రాసినాయన క్రైస్తవుడు. రాసింది కూడా పూజల కోసం కాదు, పాత కవిత్వంలోని సంకేతాలు కుర్రకవులకి అర్థం కాకుండా పోతాయేమోనని. పద్యాల ఎడ్డా అని పిలిచే పాత పద్యాలున్న ముఖ్యమైన తోలుప్రతి కోడెక్స్ రేజియస్ 1270ల నాటిది. అందులో 45 ఆకులు మిగిలాయి, మధ్యలో కొన్ని పోయాయి. శతాబ్దాలపాటు డెన్మార్క్‌లో ఉండి 1971లో ఐస్‌లాండ్ చేరింది. కథలకి కరువు లేదు. కానీ థోర్‌కి మొక్కుకున్న ఇంట్లో ఆ పొద్దున ఏం వండారు, ఏ పని చేసే హక్కు ఏ ఇంటిది, పిల్లాడికి జబ్బు చేస్తే ఆ తల్లి ఏమని మొక్కుకుంది? ఇలాంటివాటికి తునకలే దొరుకుతాయి.

గంగమ్మ దగ్గర వ్యవహారం తలకిందులు. చేసే పని అంతా కళ్ళముందుంది, ప్రమాణ గ్రంథం మాత్రం లేదు.

కథ క్లుప్తంగా చెప్పేస్తాను. పెళ్ళయిన ప్రతి ఆడపిల్లా తొలిరాత్రి తన దగ్గరికే రావాలని శాసించిన పాలెగాడొకడు తిరుపతిలో ఉండేవాడట. పక్కనున్న అవిలాలలో కైకాల వారింట పెరిగిన గంగమ్మ వాడికి విశ్వరూపం చూపింది. వాడు పారిపోయి దాక్కున్నాడు. రోజుకో వేషంలో ఊరంతా గాలించింది. దొర వేషంలో వచ్చేసరికి, దొరగారే వచ్చారనుకుని వాడు బయటికొచ్చాడు. తల తెగింది.

కథ ఇంతే. దీంతో మొదలుపెట్టొద్దనే నేను పోరు పెట్టేది. మంగళవారం రాత్రి చాటింపుతో మొదలుపెట్టండి. అవిలాల నుంచి పసుపు కుంకుమ వస్తాయి, ఊరి పొలిమేరల్లో చాటింపు వేస్తారు. ఇక జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు ఊరు దాటి రాత్రి బయట ఉండకూడదని కట్టుబాటు. బుధవారం బైరాగి వేషం, గురువారం బండ వేషం, శుక్రవారం తోటి, శనివారం దొర, ఆదివారం మాతంగి, సోమవారం సున్నపుకుండలు, మంగళవారం జాతర. ప్రతి వేషానికీ ఒంటికి పూసుకునేది మారుతుంది. బైరాగికి నామంసుద్ద, బండకి కుంకుమ, తోటికి బొగ్గు, దొరకి చందనం. గంగమ్మ వేషాలు కట్టి వీధివీధీ తిరిగే పని కైకాల వారిది. మిగతా ఊరంతా మొక్కుబడిగా ఆ రోజు వేషం వేస్తుంది.

బుధవారం పొద్దున్నే ఏ పాతవీధిలోకైనా వెళ్ళండి. పంచలో పిల్లాణ్ణి నిలబెట్టి తల్లి గిన్నెలో సుద్ద కలుపుతుంటుంది. మెడ నుంచి మడమ దాకా పూస్తుంది. ఆరేకొద్దీ చర్మం బిగుసుకుంటుంది, వాడు గోక్కోబోతే చేతిమీద ఒక్కటి వేస్తుంది. మెళ్ళో రెల్లకాయల దండ, చేతిలో వేపమండ. "ఎందుకమ్మా ఈ వేషం?" అని అడగండి. పాలెగాడి కథ చెప్పేవాళ్ళు తక్కువ. "పసిలో వీడికి జబ్బు చేస్తే మొక్కుకున్నాం సామీ" అంటుంది. అంతకుమించి అడిగితే వంటుందని లోపలికి పోతుంది. ఆ జవాబు చెవిన పడ్డాక స్నోరిని చదివితే ఆయన ఎక్కడెక్కడ నోరు విప్పలేదో బాగా తెలుస్తుంది. ఆయన పుస్తకంలో దేవుళ్ళు బోలెడుమంది, మొక్కుకున్న తల్లి మాత్రం లేదు.

ఇక జాతర జరిగే మంగళవారం రాత్రి, తెల్లారితే బుధవారం. గుడి ముందు బంకమట్టితో అమ్మవారి విశ్వరూపం నిలబెడతారు. ఆ మట్టిరూపం చెంప తీయగానే జనం ఆ మట్టికోసం ఎగబడతారు. చిటికెడు దొరికినా కొంగున ముడేసుకుని పోతారు. జబ్బుకి మందని ఇంట్లో దాచుకుంటారు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఈ మట్టే. వెయ్యేళ్ళ తర్వాత ఎవరో తాతయ్యగుంటలో తవ్వకాలు జరిపారనుకోండి. సుద్ద కడుక్కుపోయింది, వేపాకు ఎండి రాలిపోయింది, బంకమట్టి చేతులు మారి కరిగిపోయింది, అంబలి తాగేశారు. గుడి పునాది రాళ్ళు దొరకొచ్చు, జాతర దొరకదు. కాబట్టి స్వీడన్‌లోనో డెన్మార్క్‌లోనో ఫలానా చోట ఏమీ బయటపడలేదు గనక అక్కడ ఏ పూజా జరగలేదని ఎవరైనా రాస్తే, తిరుపతి మనిషి నమ్మాల్సిన పనిలేదు. దొరికినవాటిలో నాకు ముచ్చటగా అనిపించేది డెన్మార్క్‌లోని ట్రెండ్‌గార్డెన్‌లో బయటపడ్డ రాతి అచ్చు. పదో శతాబ్దానిది. ఒకే రాయిలో శిలువా పోత పోయొచ్చు, థోర్ సుత్తీ పోత పోయొచ్చు. ఎవరికి ఏది కావాలంటే అది. కొండమీద వేంకటేశ్వరుడి చెల్లెలని గంగమ్మకి ఏటా టీటీడీ నుంచి సారె రావడం చూసే మనకి ఆ కంసాలి మనసు తెలుసుకోవడం కష్టమేం కాదు.

పోలికలు మాత్రం జాగ్రత్త. ఎడ్డా పద్యాల్లో థ్రిమ్ అనే రాక్షసుడి కథ ఉంది. థోర్ సుత్తి దొంగిలించి, దేవత ఫ్రేయాని తనకిచ్చి పెళ్ళి చేస్తేనే ఇస్తానంటాడు. థోర్ పెళ్ళికూతురి ముసుగు వేసుకుని పోతాడు, లోకి అనే తోడు దేవుడు చెలికత్తెగా వెంట నడుస్తాడు. ఆ పెళ్ళికూతురు ఒక ఎద్దునీ ఎనిమిది చేపల్నీ తినేసరికి థ్రిమ్ బిత్తరపోతాడు. ఆచారం ప్రకారం సుత్తి తెచ్చి ఒడిలో పెట్టగానే అయిపోయింది అతని పని. అక్కడ దేవుడు ఆడవేషంలో, ఇక్కడ అమ్మవారు మగవేషంలో. రెండుచోట్లా ఆడపిల్లమీద కన్నేసినవాడికి వేషమే మృత్యువు. చదివిన కొత్తలో ఎవరికైనా ఈ రెండూ ఒకే వేరు నుంచి పుట్టాయని పుస్తకం రాసేయాలనిపిస్తుంది. రాయొద్దు. పోలిక ప్రశ్నలు పుట్టించడానికి పనికొస్తుంది, చుట్టరికం కలపడానికి కాదు. థ్రిమ్ పద్యాన్ని ఎవరైనా వేషం కట్టి ఆడారా, ఆడితే ఊరు నవ్విందా భయపడిందా? ఇదే అక్కడ వేసుకోవాల్సిన ప్రశ్న.

రాసినవాడెవడో చూసి చదవడం ఇంకో పని. స్వీడన్‌లోని ఉప్సలా గుడి గురించి రాసిన క్రైస్తవ మతాధికారి ఆడమ్ ఆఫ్ బ్రెమెన్ ఆ గుడి చూడలేదు, విన్నది రాశాడు. మన గ్రామదేవతల గురించి ఇంగ్లీషులో ముందుగా రాసినవాళ్ళలో మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఉన్నాడు. ఆయన పుస్తకం 1916లో వచ్చింది. అంతకు ఏడాది ముందు మిషనరీ ఎల్మోర్ పుస్తకం. చూసింది ఓపిగ్గా రాశారు, ఏవగింపునీ దాచుకోలేదు. రెంటినీ విడదీసుకుంటూ చదవాలి. ఆ తర్వాత పరిశోధకురాలు జాయిస్ ఫ్లూకిగర్ దగ్గరికి రండి. ఆమె 1992లో తొలిసారి ఈ జాతర చూసి, మళ్ళీ మళ్ళీ వచ్చి, ఆడవాళ్ళ పక్కన కూర్చుని విని, 2013లో 'వెన్ ద వరల్డ్ బికమ్స్ ఫిమేల్' ప్రచురించారు. తెలుగులో పేట శ్రీనివాసులు రెడ్డి పుస్తకం ఉంది.

ఐస్‌లాండ్‌లో 1972లో స్వేన్‌బ్యోర్న్ బేన్‌టేన్‌సన్ అనే రైతుకవి కొందరిని కూడగట్టి పాత దేవుళ్ళ సంఘం పెట్టాడు. మరుసటి ఏడాదే ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. వాళ్ళంటే నాకు గౌరవమే. కానీ సందేహం వస్తే పోయి అడగడానికి వాళ్ళకి కైకాల వారిల్లు లేదు. ఇంకోవైపు, ఆ పాత ఉత్తరాది లిపి రూన్ అక్షరాల్ని నాజీలు తమ చిహ్నాలుగా వాడుకున్నారు. జాతి గొప్పలు పోయే గుంపులు ఈనాటికీ వదల్లేదు. ఇంటర్నెట్‌లో గురువులు దొరుకుతారు, ముందు వాళ్ళ మిగతా మాటలు కూడా వినండి.

జాతరకి పోయేటప్పుడు ఫోన్ జేబులోనే ఉండనివ్వండి. బండ వేషం రోజు ఎవరైనా మిమ్మల్ని బూతులు తిడితే నవ్వి ఊరుకోవాలి, అది ఆనాటి పని. రీల్ చేసి పెట్టారా, రేపు ఆ పిల్లాడి ఆఫీసులో అది బూతుగానే వినిపిస్తుంది.

పద్యాల ఎడ్డాకి కెరొలిన్ లారింగ్టన్ అనువాదం తీసుకోండి, స్నోరికి ఆంథొనీ ఫాక్స్‌ది. పుస్తకంలో మొదట కనిపించేది ప్రవక్త్రి చెప్పే సృష్టి పద్యం, వోలుస్పా. దాంతో మొదలుపెడితే పదో పద్యం దగ్గర మరుగుజ్జుల పేర్ల జాబితా మొదలవుతుంది, చాలామంది అక్కడే పుస్తకం మూసేస్తారు. ముందు పెళ్ళికూతురి వేషంలోని థోర్‌ని చదవండి. మరుగుజ్జులు ఎక్కడికీ పోరు.