వదిలేయడంలో లెక్క

పదార్థాన్ని కంప్యూటర్‌లో కదిలించి చూసే మాకు అడుగడుగునా ఎదురయ్యే ప్రశ్న: ఈ పరమాణువుకు పొరుగున ఏవేవి ఉన్నాయి? దాన్ని లాగేవీ నెట్టేవీ ముఖ్యంగా అవే మరి.

హైదరాబాద్‌లో పుట్టిన అనీసుర్ రహమాన్ 1964లో అమెరికాలోని ఆర్గోన్ నేషనల్ లాబొరేటరీలో ద్రవ ఆర్గాన్‌ను 864 పరమాణువులతో కంప్యూటర్‌లో నడిపించారు. సంఖ్య చిన్నదే. జతలు కడితే మాత్రం 3,72,816. బలాన్ని పరమాణు వ్యాసానికి రెండున్నర రెట్ల దూరం వరకే లెక్కిస్తే, ఒక్కోదానికి పొరుగు యాభై పైచిలుకు. అంటే పనికొచ్చే జతలు పాతికవేల లోపే. మిగతా మూడున్నర లక్షల దూరాలూ కొలిచేది వాటితో పనిలేదని తేల్చుకోవడానికే.

ఆ వృథా తగ్గించే ఉపాయం 1967లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూ వెర్లే చూపారు. ప్రతి పరమాణువుకూ దగ్గరున్నవాటి జాబితా రాసిపెట్టుకోవడం, అదే నైబర్ లిస్ట్. బలాన్ని లెక్కించే హద్దు, అంటే కటాఫ్, 2.5 వ్యాసాలైతే జాబితాను 3.3 దాకా రాసుకున్నామనుకోండి, కాసేపట్లో పొరుగు కాబోయేవి కూడా ముందే చేరిపోతాయి. ఆ అదనపు 0.8ని స్కిన్ అంటాం. రెండు పరమాణువులు ఎదురెదురుగా వచ్చినా, ఏదీ 0.4 మించి కదలనంతవరకు జాబితాలో లేనిది కటాఫ్ లోపలికి రాలేదు. జతలన్నీ కొలవక్కర్లేదు. ఏది ఎంత జరిగిందో చూస్తే చాలు, 864 కొలతలు. ఒక్కటి గీత దాటినా జాబితా తిరగరాయాలి. పరమాణువులు లక్షల్లో ఉంటే వాటిని ఉంచిన పెట్టెను గదులుగా విడగొట్టి, సొంత గదిలోనూ చుట్టూ ఉన్న 26 గదుల్లోనూ మాత్రమే వెతుకుతాం.

నాకు ఈ పద్ధతిలో నచ్చేది వేగం కంటే హామీ. వదిలేసిన ప్రతి జతనూ ఎందుకు వదిలేశామో ఇది చెప్పగలదు.

ఇప్పుడు ల్యాంప్స్ లాంటి ప్రోగ్రామ్‌లో ఒక్క వరుసతో జాబితా తయారవుతుంది. రన్ ముగిశాక అది 'డేంజరస్ బిల్డ్స్' అని ఒక అంకె చూపిస్తుంది. అది సున్నా కాకపోతే జాబితా తిరగరాయడం ఆలస్యమై ఉండవచ్చు, కొన్ని బలాలు లెక్క తప్పి ఉండవచ్చు. తెరమీద ద్రవం మాత్రం చక్కగానే కదులుతూ ఉంటుంది. అందుకే కొత్తగా వచ్చే విద్యార్థులను 864 పరమాణువులకు జాబితా కోడ్ సొంతంగా రాయమంటాను. అన్ని జతలూ కొలిచి తెచ్చిన బలాలతో అది సరిపోలేదాకా వదలొద్దంటాను. ఆ పని ఒక్కసారి చేసినవాళ్లు తర్వాత ఏ ప్రోగ్రామ్ వాడినా ఆ అంకె చూడకుండా ఫలితాన్ని నమ్మరు.